లాల పోయకముందు

పుట్టిన బిడ్డకు మొదటి లాల ఎప్పుడు పోయాలన్న సంగతి మీద ఏ ఇంట్లోనూ చర్చ జరగదు. అది ఎన్నడో తేలిపోయిన విషయం. సంగారెడ్డి, సదాశివపేట వైపు ఊళ్లలో నీళ్లు పోసే పెద్దామె పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా ఎగదోపి, కాళ్లు బారజాపి, పసిగుడ్డును వాటి మీద బోర్లా వేసుకుంటుంది. కాగులోని నీళ్లు మణికట్టు మీద పోసుకుని వేడి చూసుకుంటుంది. నూనె, శనగపిండి, వీపు మీద చెంబుల కొద్దీ నీళ్లు, ముక్కుదూలాన్ని వేళ్లతో సాగదీయడం, తలను రెండు అరచేతుల మధ్య గుండ్రంగా ఒత్తడం, రొమ్ముల్లో పాలున్నాయంటూ పిండడం, ముక్కులో చెవుల్లో ఊదడం, ఆఖరికి ఊదు పొగ. ఇందులో ఒక్కటి తప్పినా ఆమెకు నీళ్లు పోసినట్టే ఉండదు. ఇదంతా ఎవరు చెప్పారంటే వాళ్లమ్మ చేసేది, వాళ్లత్త చేసేది. ఊళ్లో సగం మంది ఆ కాళ్ల మీద పెరిగినవాళ్లే, అందరూ లక్షణంగా ఉన్నారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కావాలి. ఆ కాళ్ల మీద పెరగని పిల్లలు ఎలా ఉన్నారో పక్కన పెట్టి చూసినవారు లేరు. దక్కకుండా పోయిన పిల్లల లెక్కను ఆ స్నానం ఖాతాలో ఎవరూ వేయలేదు. వేయాలో వద్దో తేల్చే దారీ ఆ ఇంట్లో లేదు.

బిడ్డ ఒంటి మీద పుట్టుకతో వచ్చే తెల్లటి జిగురు పూతను చూడగానే కడిగేయాలనిపిస్తుంది. అది మురికి కాదు. కడుపులో నెలల తరబడి నీళ్లలో నానిన చర్మానికి అదే కవచం. బయటికొచ్చాక చర్మంలో తేమ నిలుపుతుంది, కొన్ని క్రిములను అడ్డుకుంటుంది. పైగా తడిసిన పసిబిడ్డ ఒంటి వేడి చూస్తుండగానే పడిపోతుంది. ఉగాండాలో పుట్టిన గంటలోపు స్నానం చేయించిన పిల్లలను, చేయించని పిల్లలను పోల్చి చూస్తే, తర్వాత తల్లి గుండెలకు ఆనించి పడుకోబెట్టినా సరే, స్నానం చేసిన పిల్లల్లోనే ఒళ్లు చల్లబడడం ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 24 గంటలు ఆగమంటోంది. అయితే పుట్టిన వెంటనే కడగడం పల్లె మూఢత్వమని తేల్చేయడానికి వీల్లేదు. కాన్పు గది నుంచి నేరుగా నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి, శుభ్రంగా తుడిచి, పౌడరు రాసి, గుడ్డలో చుట్టి బంధువులకు చూపించడం ఆసుపత్రుల పద్ధతి కూడా. పెద్దామెకు వాళ్లత్త నేర్పింది, నర్సుకు సీనియర్ నర్సు నేర్పింది. రెండు చోట్లా చదువు ఒక్కటే: చూసి చేయడం.

తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మొత్తం కాన్పుల్లో నూటికి 60 ఆపరేషన్లే. మంత్రసాని వెళ్లిపోయి డాక్టరు వచ్చాక అలవాట్లు పోయి శాస్త్రం వచ్చిందనుకోవడం సహజం. అలవాట్లు పోలేదు, కొన్నిచోట్ల బట్టలు మార్చుకున్నాయంతే. బొడ్డుతాడు సంగతే చూడండి. బిడ్డ బయటపడీ పడకముందే తాడుకు క్లిప్పు పెట్టి కత్తిరించడం గత శతాబ్దం నడుమ నుంచి కాన్పు గదుల్లో స్థిరపడిపోయింది. ఎందుకంటే తల్లికి రక్తస్రావం తగ్గించే చర్యల మూటలో అదీ ఒకటిగా చేరింది. ఆ మూటలో పనిచేసేది సూది మందు; తాడును త్వరగా కోయడం వల్ల తల్లికి ఒరిగేదేమీ లేదని తర్వాత తేలింది. ఆ తొందరలో బిడ్డకు పోయేది మాత్రం ఉంది. తాడు కొట్టుకుంటూ ఉన్న ఒకటి నుంచి మూడు నిమిషాల్లో మాయలోని రక్తం సుమారు 80 నుంచి 100 మిల్లీలీటర్లు బిడ్డలోకి చేరుతుంది. మూడు కిలోల బిడ్డకు అది చిన్న కానుక కాదు; తొలి నెలలకు కావలసిన ఇనుము అందులోనే ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉందని అదే సర్వే లెక్కగట్టిన రాష్ట్రంలో రెండు నిమిషాలు ఆగడం ఖర్చు లేని వైద్యం. తాడు అంత త్వరగా కోస్తే బిడ్డ బలహీనపడుతుందని చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ డార్విన్ 1801లోనే రాశాడు. వినడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. పాతకాలపు మంత్రసానులు చాలామంది మాయ పడే దాకా తాడు కోసేవారు కాదు. వాళ్లకు కారణం తెలియదు, పని మాత్రం సరైనదే.

నోట్లో, ముక్కులో గొట్టం పెట్టి ఉమ్మనీరు లాగడం మరో అలవాటు. 'ఉమ్మనీరు తాగింది' అన్న మాట ఆసుపత్రి వరండాలో ఎంతటివాళ్లకైనా కాళ్లు వణికిస్తుంది. అందుకే లాగేస్తున్నామంటే కాదనేవారు ఉండరు. కానీ చక్కగా ఏడుస్తున్న బిడ్డకు ఆ గొట్టంతో పని లేదు. గొంతు వెనక్కి తగిలితే గుండె వేగం పడిపోవచ్చు, లోపలి పొర గీసుకుపోవచ్చు. కడుపులోనే మలవిసర్జన చేసిన పిల్లలకు భుజాలు బయటికి రాకముందే గొట్టంతో లాగితే మేలేమైనా ఉందా అని రెండున్నర వేల కాన్పుల్లో పరీక్షించారు. 2004లో వచ్చిన ఆ ఫలితాల్లో మేలేదీ కనిపించలేదు. అయినా చేయి ఊరుకోదు. ఏమీ చేయకుండా నిలబడడం వైద్యంలో అన్నిటికన్నా కష్టమైన పని కాబోలు.

మేలు చేస్తున్నామన్న గట్టి నమ్మకంతో చేసిన పనుల చరిత్ర తిరగేస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1940లలో నెలలు నిండని పిల్లలను ఇంక్యుబేటర్లలో పెట్టి ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చారు. ఊపిరికి ఆక్సిజన్ మంచిది కాదని ఎవరనగలరు? ఆ పిల్లలు కళ్లు కనిపించకుండా పెరిగారు. ప్రపంచం మొత్తం మీద పది వేల మంది దాకా ఉంటారని అంచనా. పాటగాడు స్టీవీ వండర్ వాళ్లలో ఒకడు. 1953-54లో అమెరికాలో పోల్చి చూసే పరీక్ష పెట్టాక గానీ నేరం ఆక్సిజన్‌దని తేలలేదు. అప్పుడు అందరూ ఒక్కసారిగా ఆక్సిజన్ కోత పెట్టారు, దాంతో ఊపిరాడక పోయినవాళ్లు పెరిగారు. ఎంత ఇవ్వాలన్న ప్రశ్న ఈ శతాబ్దం దాకా సాగింది. ఇప్పటికీ హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు నెలలు నిండని పిల్లల కళ్లను నవజాత శిశు వార్డుల్లోనే పరీక్షించడం ఆ కథ కొనసాగింపే. బోర్లా పడుకోబెట్టడం సంగతీ అంతే. 1950ల నుంచి అమెరికా, యూరప్ డాక్టర్లు వాంతి గొంతుకు అడ్డం పడదన్న తర్కంతో పిల్లలను బోర్లా పడుకోబెట్టమన్నారు. నిద్రలో ప్రాణాలు పోయే పిల్లలు పెరిగారు. 1970 నాటికే చేతికొచ్చిన అధ్యయనాలను ఎవరైనా ఒకచోట చేర్చి చదివి ఉంటే యాభై వేలకు పైగా పసిప్రాణాలు దక్కేవని 2005లో పరిశోధకులు లెక్కగట్టారు. చదవలేదు. వెల్లకిలా పడుకోబెట్టమన్న ప్రచారం బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో మొదలైంది. మన ఇళ్లలో ఉయ్యాలలో పిల్లలు మొదటి నుంచీ వెల్లకిలాగే పడుకున్నారు. తల గుండ్రంగా రావాలన్న ఆశతో వేసే ఆవాల దిండు మాత్రం అక్కర్లేని సరుకు.

పటాన్‌చెరు దగ్గరికొచ్చేసరికి ఈ విషయానికి వేరే వాసన తగులుతుంది, అక్షరాలా. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి వైపు మందుల కంపెనీల్లో పనిచేసే ఇళ్లకు యాంటీబయాటిక్ కొత్త మాట కాదు; డ్యూటీ నుంచి వచ్చిన మనిషి బట్టల మీదే దాని వాసన ఉంటుంది. స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన పరీక్షల్లో, సుమారు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ఎన్విరోటెక్ కేంద్రం అప్పట్లో వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోయిన ఆ మందు సుమారు 45 కిలోలు. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజుల్లో వాడేంత. నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి పోయిన నీళ్లలో ఏ మందుకూ లొంగని క్రిములు పెరగడానికి ఇంతకన్నా ఏం కావాలి? అదే ప్రాంతంలో పుట్టిన బిడ్డకు జ్వరం లేకపోయినా, ఇన్ఫెక్షన్ జాడ లేకపోయినా, 'ఎందుకైనా మంచిది' అని యాంటీబయాటిక్ సూదులు వేస్తే ఆ మంచి ఎవరికి?

ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటిన తల్లికి, కాన్పు వేళ జ్వరం ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ సంగతి వేరు. అక్కడ ముందు జాగ్రత్తకు ఆధారం ఉంది. జబ్బు పడిన బిడ్డకు ఆలస్యం చేయకుండా మందు పడాల్సిందే. ప్రశ్న ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గురించి. ముందుజాగ్రత్త ఎంత దూరం పోగలదో 1959లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆసుపత్రి నుంచి వచ్చిన నివేదిక చూపింది. నెలలు నిండని పిల్లల్లో ఇన్ఫెక్షన్ రాకుండా కొందరికి క్లోరాంఫెనికాల్ ఇచ్చారు, కొందరికి ఏ మందూ ఇవ్వలేదు. ఏ మందూ అందనివారిలో నూటికి 19 మంది చనిపోతే, క్లోరాంఫెనికాల్ పడినవారిలో 60 మంది చనిపోయారు. పసివాళ్ల కాలేయం ఆ మందును వదిలించుకోలేదని ఆ తర్వాతే అర్థమైంది. పోల్చడానికి రెండో గుంపు లేకపోయి ఉంటే, ఆ చావులన్నీ నెలలు నిండని పిల్లల తలరాతగా రాసేసుకునేవారు. ఇక ఢిల్లీలో మూడు పెద్దాసుపత్రుల పసిపిల్లల్లో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. వాళ్ల రక్తంలో దొరికిన క్రిముల్లో చాలావాటికి ఒకటికి మించిన మందులు పనిచేయడం లేదు. అక్కర్లేని సూది ఒక్క బిడ్డకే వేసినట్టు కనిపిస్తుంది గానీ, దాని బాకీ తర్వాత పుట్టే పిల్లల మీద పడుతుంది.

ఇంటి పద్ధతుల్లో అన్నీ ఒక గాటన కట్టదగ్గవి కావు. రొమ్ములు పిండడం మానాల్సిందే: తల్లి హార్మోన్ల వల్ల వచ్చే ఆ వాపు కొన్ని వారాల్లో తనంతట తగ్గుతుంది, పిండితే చీము పట్టవచ్చు. ముక్కులో ఊదడం, ఊదు పొగ పెట్టడం పిడికెడంత ఊపిరితిత్తులకు శత్రువులు. తేనె నాకించడం ఒక ఏడాది దాకా కూడదు, అరుదే అయినా బోటులిజం అనే ప్రాణాంతకమైన పక్షవాతం దానివల్ల రావచ్చు. వస సంగతి సరదాగా ఉంటుంది; గలగలా మాట్లాడే పిల్లను చూసి 'దీనికి వస ఎక్కువ పోశారు' అనని ఇల్లుండదు. ఆ కొమ్ములోని ఒక రసాయనం ఎలుకల్లో కణితులు పుట్టించిందని అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. మాటలకూ దానికీ సంబంధం ఉందని ఎవరూ చూపలేదు. గ్రైప్ వాటర్ ఇంగ్లండులో 1851లో పుట్టింది, మొదటి రకంలో సారా కూడా ఉండేది. బిడ్డ ఎందుకు నిద్రపోయిందో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటి సీసాల్లో సారా లేదు, కడుపునొప్పి తగ్గిస్తుందన్న రుజువూ లేదు. ముర్రుపాలు పిండి పారబోయడం ఇప్పుడు తగ్గినా, పుట్టిన గంటలో తల్లిపాలు అందే పిల్లలు తెలంగాణలో నూటికి నలభై మంది కూడా లేరని అదే జాతీయ సర్వే చెప్పింది. ఆసుపత్రి కాన్పులు 97 శాతమైన చోట ఆ లోటును పెద్దామెల ఖాతాలో వేయలేం. ఆపరేషన్ అయిన తల్లి ఒక గదిలో, బిడ్డ ఇంకో గదిలో, మధ్యలో డబ్బా పాలు: ఈ ఏర్పాటును ఏ అధ్యయనం సమర్థించింది?

నూనె మర్దన దగ్గరికొస్తే తీర్పు అంత తేలిక కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ అద్దె గదుల వరుసల్లో ఒక తలుపు దగ్గర బీహారు నుంచి వచ్చిన తల్లి ఆవనూనె వేడి చేస్తుంటే, పక్క తలుపు దగ్గర జోగిపేట అమ్మమ్మ నువ్వుల నూనె రాస్తుంటుంది. ఒకరి నూనె ఒకరికి విడ్డూరం. ఇద్దరికీ తమ నూనే బలం. ఎలుకల చర్మం మీద చేసిన ప్రయోగంలో ఆవనూనె చర్మపు రక్షణ పొరను దెబ్బతీసింది, పొద్దుతిరుగుడు నూనె మేలు చేసింది. బంగ్లాదేశ్‌లో నెలలు నిండని పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఇన్ఫెక్షన్లు తగ్గాయి. మాంచెస్టర్‌లో నెలలు నిండిన పిల్లల మీద చూస్తే ఆలివ్, పొద్దుతిరుగుడు నూనెలు రెండూ చర్మపు పొర ఎదుగుదలకు కొంత అడ్డే పడ్డాయి. మరి ఏది నిజం? బహుశా బిడ్డను బట్టి, నూనెను బట్టి, ఊరిని బట్టి మారే నిజం. చేతి స్పర్శ వల్ల బిడ్డకు హాయి, బాలింతకు రోజుకో అరగంట విరామం, పెద్దామెకు ఇంట్లో ఒక స్థానం. వీటిని ఏ తూకంలో వేస్తారు? రుజువు లేకపోవడం వేరు, హాని ఉందని రుజువవడం వేరు. కోసుకుపోయేలా రుద్దకుండా, ముక్కులో పోయకుండా మర్దన చేస్తే అడ్డుపడాల్సిన పని లేదు.

కామెర్ల పిల్లలను పొద్దుటి ఎండకు పెట్టమనడం డాక్టర్లు, అవ్వలు ఇద్దరూ చెప్పే మాట. దాని వెనక ఒక నిజమైన కథ ఉంది. 1950లలో ఇంగ్లండు రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు పసిపిల్లలను ఎండలోకి తీసుకెళ్లేది. ఎండ తగిలిన చోట ఒంటి పసుపు విరిగిందని, గుడ్డ కప్పిన చోట అలాగే ఉందని గమనించింది. ఆ గమనింపు నుంచే 1958లో నీలి కాంతి చికిత్స పుట్టింది. చూడగానే అనిపించింది అక్కడ పరీక్షకు నిలబడింది. కానీ కిటికీ పక్కన, బట్టలతో, పది నిమిషాలు పెట్టే ఎండ ఎంత పనిచేస్తుందో కొలత లేదు. ప్రమాదం ఎండతో కాదు, ఎండకు పెడుతున్నాం కదా అని రక్త పరీక్ష వాయిదా వేయడంతో. కాళ్లు, అరికాళ్లు పచ్చబడిన బిడ్డకు కావలసింది ఆరుబయలు కాదు, ఆసుపత్రి.

ఈ ప్రాంతంలోనే ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతికే పద్ధతి అందరి కళ్లెదుట ఉంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలాల్లో కొత్త కంది రకం బాగుందని చెప్పాలంటే ఒక మడిలో బాగా పండితే చాలదు. పాత రకం పక్కనే ఉండాలి, ఒకటికి మూడు నాలుగు మడుల్లో వేయాలి, ఏ మడిలో ఏది పడాలో చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా తేలాలి. మనిషికి నచ్చిన విత్తనం మంచి మడిలో పడకుండా చేసే ఏర్పాటిది. ఇంగ్లండు రోథమ్‌స్టెడ్ పొలాల్లో రోనాల్డ్ ఫిషర్ 1920లలో రూపం ఇచ్చిన ఈ ఆలోచన అక్కడి నుంచి వైద్యంలోకి వచ్చి, 1948లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ పరీక్షతో పేరు తెచ్చుకుంది. ఇటు బొల్లారం ఫ్యాక్టరీలో బ్యాచ్ నమూనా ల్యాబ్ దాటకుండా డ్రమ్ము గేటు దాటదు. కందికి ఒక పరీక్ష, మాత్రకు ఒక పరీక్ష. అదే ఫ్యాక్టరీ కార్మికుడి బిడ్డకు తొలి రోజు చేసే పనుల్లో సగానికి పరీక్ష లేదు, అడిగేవారూ లేరు. పసిబిడ్డలను మడుల్లా పంచడం తప్పు కాదా అన్న సంకోచం న్యాయమైనదే. అయితే ఏది మంచిదో తెలియకుండా అందరికీ ఒకే పని చేయడమూ ప్రయోగమే, ఫలితం రాసుకోని ప్రయోగం.

పరీక్షకు నిలబడ్డవి తక్కువేమీ కాదు. తల్లి గుండెల మీద బిడ్డను నేరుగా ఆనించి ఉంచడం బొగోటాలో 1970ల చివర ఇంక్యుబేటర్ల కొరత నుంచి పుట్టింది. భారత్‌తో సహా ఐదు దేశాల్లో చేసి 2021లో ప్రకటించిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే అలా ఉంచిన తక్కువ బరువు పిల్లల్లో చావులు నాలుగో వంతు తగ్గాయి. తల్లిపాలు, పొడిగా వదిలేసిన బొడ్డు, చేతుల శుభ్రత, విటమిన్ కె సూది, 24 గంటల్లో హెపటైటిస్ బి టీకా, ఇవన్నీ నిలబడ్డవే. సూది వద్దు, సహజంగా వదిలేద్దామనే కొత్త మోజు విటమిన్ కె దగ్గర పనికిరాదు. అది లేక మెదడులో రక్తం కారిన పిల్లలు ఉన్నారు. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పయిన తల్లులకు ఇవ్వడానికి 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో దోమతెర, బిడ్డ బట్టలు, సబ్బులతో పాటు పౌడరు డబ్బా కూడా పెట్టారు. దోమతెరకు ఆధారం ఉంది. పౌడరుకు లేదు, పీల్చితే ఊపిరితిత్తులకు హాని. ప్రభుత్వ కిట్‌లో ఉన్నందుకే అది అవసరమని ఎన్ని ఇళ్లు నమ్మి ఉంటాయో!

అడిగే అవకాశం ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ప్రాణహిత అవతల గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ 39 ఊళ్లలో చదువు తక్కువైన ఆడవాళ్లకు పసిబిడ్డల సంరక్షణ నేర్పి, మిగతా ఊళ్లతో పోల్చి చూశారు. నెలలోపు చావులు 62 శాతం తగ్గాయని 1999లో ప్రకటించారు. ఆ పరీక్షలో నిలబడింది కాబట్టే దేశం 2011లో దాన్ని ఆశా కార్యకర్తల పనిగా చేసింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఆమె వచ్చిన రోజు తూకం వేయించుకుని టీ ఇచ్చి పంపేయకండి. నూనె సీసా, పౌడరు డబ్బా, వసకొమ్ము, చుక్కల మందు, డిశ్చార్జి కాగితంలో రాసిన మందులు అన్నీ ఆమె ముందు పెట్టి, ఒక్కొక్కటీ ఎందుకో అడగండి. ఆమెకు తెలియనివి పీహెచ్‌సీ డాక్టరును అడగమనండి.